స్కానర్‌ను కంప్యూటర్ గుర్తుపట్టకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు మీసేవ కేంద్రాల్లో, జిరాక్స్ షాపుల్లో, బడి ఆఫీసుల్లో, వకీళ్ల గదుల్లో వాడే స్కానర్లను దృష్టిలో పెట్టుకుని రాసిన పేజీ ఇది. ఏడాదంతా ఊరుకుని, సరిగ్గా దోస్త్ (డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్) అడ్మిషన్లు మొదలైన వారంలో మొండికేయడం స్కానర్లకు అలవాటే. విండోస్ 10, 11 ఉన్న కంప్యూటర్లకు ఈ జవాబులు వర్తిస్తాయి. మెనూల పేర్లు తెర మీద ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి ఇక్కడ వాటిని పలికే తీరులోనే రాశాం.

స్కానర్ పెట్టినా కంప్యూటర్‌ల కనవడ్తలేదు. ముందుగాల ఏం చూడాలె?

ముందు తెగింది ఎక్కడో తేల్చుకోవాలి. స్కానర్‌కు కరెంటు, ఆ తర్వాత వైరు, పోర్టు, విండోస్, డ్రైవర్ (స్కానర్‌తో మాట కలపడానికి విండోస్ వాడే చిన్న సాఫ్ట్‌వేర్), చివరికి స్కానింగ్ సాఫ్ట్‌వేర్. ఈ వరుసలో ఏదో ఒక్కచోటే తెగి ఉంటుంది. అది ఎక్కడో తెలియకుండా డ్రైవర్లు ఎక్కించుకుంటూ పోతే సాయంత్రమవుతుంది, పని కాదు.

తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. స్పీకర్ సౌండు పెంచండి, పరికరం తగలగానే విండోస్ చిన్న చప్పుడు చేస్తుంది. స్కానర్ ఆన్‌లో ఉండగానే యూఎస్‌బీ వైరు పీకి, పది సెకన్లు ఆగి, మళ్లీ పెట్టండి.

చప్పుడూ లేదు, డివైస్ మేనేజర్ జాబితా కూడా కదల్లేదంటే గోల వైరుదో, పోర్టుదో, కరెంటుదో, స్కానర్‌దో. డ్రైవర్ జోలికి ఇప్పుడు పోవద్దు. చప్పుడు వచ్చింది కానీ పసుపు త్రికోణం గుర్తో, అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్ అనో కనబడితే ఆ పేరు మీద రెండుసార్లు నొక్కండి. జనరల్ ట్యాబ్‌లో ఒక కోడ్ నంబరు ఉంటుంది, రాసి పెట్టుకోండి. ఇమేజింగ్ డివైసెస్ కింద స్కానర్ పేరు ఏ గుర్తూ లేకుండా శుభ్రంగా ఉండి, సాఫ్ట్‌వేర్ మాత్రం స్కానర్ లేదంటుంటే తప్పు సాఫ్ట్‌వేర్ వైపుది.

ఈ మూడింటిలో దేనికీ విండోస్ ఫార్మాట్ మందు కాదు. ఎవరైనా ముందే ఆ సలహా ఇస్తే ఇంకొకరిని అడగండి.

ఏ సౌండూ వస్తలేదు. వైరు మంచిగనే ఉంది గదా?

పైకి బాగానే ఉంటుంది. యూఎస్‌బీ 2.0 వైరులో నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటువి, రెండు డేటావి. కరెంటు తీగలు బాగుండి డేటా తీగ ఒకటి తెగినా స్కానర్ లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌తో మాట మాత్రం కలవదు. టేబుల్ అంచున నలిగినచోట, కుర్చీ చక్రం ఎక్కినచోట, ఎలుక కొరికినచోట ఇలా అవుతుంది. చిన్న పిన్ను లేదా టైప్-సి ఉండే కొత్త స్కానర్లకు ఫోన్ ఛార్జర్ వైరు పెట్టి చూసేవారున్నారు. వాటిలో కొన్ని ఛార్జింగ్‌కే చేసినవి, డేటా తీగలే ఉండవు.

కాబట్టి మొదట వైరు మార్చండి. చదరపు పిన్ను ఉండే ప్రింటర్ వైరు ఏ జిరాక్స్ షాపులోనైనా దొరుకుతుంది, అయిదు నిమిషాలు అడిగి తెచ్చుకుని పెట్టి చూడండి. యూఎస్‌బీ 2.0కు వైరు పొడవు 5 మీటర్లు దాటకూడదు. రెండు మీటర్ల లోపు ఉంటే నిశ్చింత. ఎక్స్‌టెన్షన్ వైరు, హబ్ ఉంటే తీసేయండి.

తర్వాత పోర్టు. క్యాబినెట్ ముందువైపు పోర్టులు లోపల సన్నని తీగలతో మదర్‌బోర్డుకు కలుస్తాయి, తరచూ పెట్టి పీకడం వల్ల వదులవుతాయి కూడా. వెనకవైపు, నేరుగా మదర్‌బోర్డు మీదున్న పోర్టులో పెట్టండి. అదే పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే పోర్టు బాగోగులు తెలుస్తాయి. పాత స్కానర్లు కొన్ని నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టులో తడబడతాయి, నల్ల పోర్టులో హాయిగా నడుస్తాయి. ల్యాప్‌టాప్‌కు నల్ల పోర్టే లేకపోతే మధ్యలో యూఎస్‌బీ 2.0 హబ్ పెట్టి చూడొచ్చు. హబ్ తీసేయమన్న మాటకు ఇదొక్కటే మినహాయింపు.

లైటు వెలుగుతుంది అంటే కరెంటు సరిపోతున్నట్టే గదా?

కాదు. చిన్న లైటుకు కావలసింది అతి తక్కువ కరెంటు. లోపలి దీపం వెలిగించి, మోటారు తిప్పడానికి చాలా ఎక్కువ కావాలి.

కానన్ లైడ్ వంటి పలుచని స్కానర్లకు వేరే అడాప్టర్ ఉండదు, యూఎస్‌బీ నుంచే తాగుతాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల దగ్గర గరిష్ఠంగా 500 మిల్లీఆంపియర్లు ఇస్తుంది. కరెంటు ప్లగ్గు లేని హబ్‌లో కీబోర్డు, మౌస్, వేలిముద్ర యంత్రంతో కలిపి స్కానర్ కూడా పెడితే ఆ 500 నలుగురూ పంచుకోవాలి. స్కానర్ కాసేపు కనబడి, స్కాన్ నొక్కగానే మాయమయ్యే కేసుల్లో మొదట అనుమానించాల్సింది ఇదే.

అడాప్టర్ ఉన్న స్కానరైతే స్కానర్ అడుగున, అడాప్టర్ మీద రాసిన అంకెలు పోల్చండి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండొచ్చు, ఎక్కువా ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. ప్లస్, మైనస్ గుర్తుల వరుస కూడా ఒకటే కావాలి. షాపులో నాలుగు అడాప్టర్లు ఒక్కచోట పడి ఉంటే రౌటర్‌ది తెచ్చి స్కానర్‌కు గుచ్చడం మామూలే. పాతబడిన అడాప్టర్ మల్టీమీటర్‌తో చూసినప్పుడు నిండుగా వోల్టేజీ చూపి, పని మొదలవగానే పడిపోతుంది. అందుకే మీటరు రీడింగ్ బాగుందని అడాప్టర్‌ను వదిలేయకండి, అదే రకం ఇంకొకటి పెట్టి చూడండి.

కోడ్ 43 అని వస్తుంది.

యూఎస్‌బీ పరికరం పెట్టగానే కంప్యూటర్ వేసే మొదటి ప్రశ్న, నువ్వెవరు అని. దానికి జవాబుగా స్కానర్ తన కంపెనీ నంబరు, మోడల్ నంబరు చెప్పాలి. ఆ జవాబు రాకపోతే డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్ అనే మాటతో కోడ్ 43 పడుతుంది. పేరే చెప్పని పరికరానికి ఏ డ్రైవర్ ఎక్కించినా దండగ.

స్కానర్‌కు యూఎస్‌బీ వైరు, అడాప్టర్ రెండూ తీసేసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్ కట్టేసి, దాని బటన్ కూడా అలాగే నొక్కండి. అయిదు నిమిషాల తర్వాత వేరే వైరుతో, వెనక పోర్టులో పెట్టండి. అప్పటికీ 43 వస్తే ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూడండి. రెండు వైర్లు, రెండు కంప్యూటర్లు మార్చినా 43 పోలేదంటే స్కానర్ బోర్డుదో, దాని వెనక యూఎస్‌బీ సాకెట్‌దో లోపం. సాకెట్ టంకం విరిగితే చిన్న రిపేరే. వైరును కాస్త పైకెత్తి పట్టుకుంటే కనబడి, వదిలేస్తే పోతుంటే అది సాకెట్టే.

కోడ్ 28, కోడ్ 10, కోడ్ 45 అంటే?

28 అంటే డ్రైవర్ లేదు. స్కానర్ బాగానే ఉందన్న మాట, కాబట్టి ఇది శుభవార్త. 10 అంటే డ్రైవర్ ఉంది కానీ పరికరాన్ని లేపలేకపోతోంది. డ్రైవర్ తప్పుదైనా కావొచ్చు, కరెంటు చాలకనైనా కావొచ్చు. 45 అంటే ఒకప్పుడు పెట్టిన పరికరం ఇప్పుడు తగిలించి లేదు.

పేరు చెరిగిపోయిన పాత స్కానర్ ఏ కంపెనీదో తెలియకపోతే డివైస్ మేనేజర్‌లోనే తెలుసుకోవచ్చు. ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కు వెళ్లి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. అందులో వీఐడీ అన్న మాట తర్వాత 03ఎఫ్0 ఉంటే హెచ్‌పీ, 04ఏ9 ఉంటే కానన్, 04బీ8 ఉంటే ఎప్సన్, 04ఎఫ్9 ఉంటే బ్రదర్. పక్కనే పీఐడీ తర్వాత ఉండేది మోడల్ నంబరు. ఆ రెండూ కలిపి గూగుల్‌లో వెతికితే మోడల్ తేలుతుంది.

సీడీ పోయింది. డ్రైవర్ ఎట్ల ఎక్కియ్యాలె?

సీడీ ఉన్నా వాడకండి, అది పెట్టె కట్టిన నాటిది. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో సపోర్ట్ పేజీకి వెళ్లి, పూర్తి మోడల్ పేరు కొట్టి, మీ విండోస్ ఎంచుకుని దించుకోండి. చివరి అక్షరం కూడా ముఖ్యమే. ఒకే సిరీస్‌లో అంకె ఒకటే ఉండి చివర అక్షరం మారితే డ్రైవర్ కూడా మారొచ్చు. గూగుల్‌లో పైన ప్రకటనల్లో వచ్చే ఉచిత డ్రైవర్ అప్‌డేటర్ల జోలికి పోకండి. మీసేవ లాగిన్లు, జనం ఆధార్ కాపీలు ఉన్న కంప్యూటర్ అది.

ఎక్కించే వరుసలోనే చాలామంది తప్పుతారు. ముందు యూఎస్‌బీ వైరు పీకేయండి. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ తెరిచి షో హిడెన్ డివైసెస్ నొక్కితే పాత పేర్లు మసకగా కనబడతాయి. స్కానర్‌కు సంబంధించిన వాటిని మాత్రమే రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. డ్రైవర్‌ను కూడా తీసేయమనే చిన్న గడి వస్తే టిక్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, డ్రైవర్ ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, ఇప్పుడు వైరు పెట్టండి అని అది అడిగినప్పుడే పెట్టండి. ముందే పెడితే విండోస్ తన దగ్గరున్న సాదా డ్రైవర్ ఏదో తగిలించేస్తుంది, కంపెనీ ఇన్‌స్టాలర్ అక్కడ తడబడుతుంది. కొత్త స్కానర్ల వెనక యూఎస్‌బీ సాకెట్ మీద స్టిక్కర్ అంటించి పంపేది ఇందుకే. దాన్ని చదవకుండా పీకేస్తాం.

ప్రింట్ మంచిగ వస్తుంది, స్కాన్ మాత్రం అయితలేదు. ఒక్కటే మిషన్ గదా?

డబ్బా ఒకటే, విండోస్ లెక్కలో పరికరాలు రెండు. ప్రింటర్‌కు ఒక డ్రైవర్, స్కానర్‌కు ఇంకొకటి. వైరు పెట్టగానే విండోస్ తనంతట తాను ప్రింట్ డ్రైవర్ మాత్రమే ఎక్కించి ఊరుకోవడం తరచూ జరుగుతుంది. కంపెనీ సైట్‌లో బేసిక్ డ్రైవర్, ఫుల్ డ్రైవర్ అని రెండుంటే ఫుల్‌దే దించుకోండి. కొన్ని కంపెనీలు స్కాన్ డ్రైవర్‌ను విడిగా ఇస్తాయి.

ముందు ఒక పరీక్ష: కంప్యూటర్‌తో పని లేకుండా మిషన్ మీదున్న కాపీ బటన్ నొక్కి జిరాక్స్ తీయండి. వస్తే స్కానర్ భాగం బాగుంది, తప్పు అవతలివైపుది. రాకపోతే మిషన్‌నే చూడాలి. కొన్ని మోడళ్లలో ఇంకు అయిపోయినా, వేస్ట్ ఇంకు ప్యాడ్ నిండినా, మూత సరిగా పడకపోయినా ఎర్రలైటు వెలిగి స్కాన్ కూడా ఆగిపోతుంది. ఆ లైటు ఆర్పకుండా కంప్యూటర్‌లో ఏం చేసినా లాభం లేదు.

డివైస్ మేనేజర్‌ల పేరు ఉంది, సాఫ్ట్‌వేర్ మాత్రం నో స్కానర్ అంటుంది.

విండోస్‌లో స్కానర్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య పనిచేసే ఒక సర్వీసు ఉంది, విండోస్ ఇమేజ్ అక్విజిషన్. చాలామంది వియా అంటారు. అది ఆగిపోతే స్కానర్ ఉన్నా లేనట్టే. స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి తెరవండి. జాబితాలో అడుగున ఆ పేరు ఉంటుంది. రెండుసార్లు నొక్కి, స్టార్టప్ టైప్‌ను ఆటోమేటిక్ చేసి, స్టార్ట్ నొక్కండి. ఇప్పటికే నడుస్తుంటే రీస్టార్ట్ చేయండి. స్టార్ట్ కాకపోతే షెల్ హార్డ్‌వేర్ డిటెక్షన్ అనే సర్వీసు నడుస్తోందో లేదో చూడండి, దాన్ని ఎవరో ఆపేసి ఉండొచ్చు. కంప్యూటర్ స్పీడ్ పెంచుతామని చెప్పే సాఫ్ట్‌వేర్లు ఇలాంటివి ఆపుతుంటాయి.

సర్వీసు బాగుంటే రెండో అనుమానం ట్వెయిన్ మీద. ఇది వియా కంటే పాత పద్ధతి, 1992 నాటిది. చాలా స్కానర్ల ట్వెయిన్ డ్రైవర్లు 32 బిట్‌వి. 64 బిట్ సాఫ్ట్‌వేర్‌కు అవి కనబడవు. అందుకే పాత ఫొటోషాప్‌లో నడిచిన స్కానర్ కొత్తదానిలో కనబడదు. స్కానర్ చెడిపోలేదు, ఇద్దరికీ భాష కలవట్లేదు. న్యాప్స్2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడండి. ప్రొఫైల్ తయారుచేసేటప్పుడు అది వియా కావాలా, ట్వెయిన్ కావాలా అని అడుగుతుంది. ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి ఎంచుకోండి. పీడీఎఫ్ చేసి సైజు తగ్గించే పనికి కూడా అది చాలు.

మూడోది చిన్నది: ఇంకో సాఫ్ట్‌వేర్ స్కానర్‌ను పట్టుకుని కూర్చుని ఉండొచ్చు. అన్నీ మూసేసి ఒక్కటే తెరవండి.

పొద్దుగాల మంచిగనే చేసింది, మధ్యాహ్నం అన్నం తినొచ్చేసరికి మాయమైంది.

కరెంటు ఆదా చేయడానికి విండోస్ ఖాళీగా ఉన్న యూఎస్‌బీని పడుకోబెడుతుంది. కొన్ని స్కానర్లు మళ్లీ లేవవు. డివైస్ మేనేజర్‌లో యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ కింద యూఎస్‌బీ రూట్ హబ్ అన్నవి ఉంటాయి. ఒక్కొక్కదాని ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ తెరిచి, కరెంటు ఆదాకు ఈ పరికరాన్ని ఆపొచ్చు అనే టిక్ తీసేయండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కనబడితే డిజేబుల్ చేయండి.

రోజూ పొద్దున్నే కనబడకపోవడం వేరే సంగతి. అది ఫాస్ట్ స్టార్టప్ పని. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, నిన్నటి డ్రైవర్ల స్థితినే డిస్క్‌లో దాచి మళ్లీ తెస్తుంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం అన్నీ కొత్తగా మొదలవుతాయి. పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీ తెరిచి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. కంప్యూటర్ లేవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

విండోస్ 11 వేసినంక పాత స్కానర్ పోయింది. తిరిగి వస్తదా?

విండోస్ 11లో 32 బిట్ రకం లేదు. మీ స్కానర్‌కు కంపెనీ 32 బిట్ డ్రైవర్ తప్ప ఇంకేం ఇవ్వకపోతే అది ఎక్కదు. విండోస్ 7 లేదా 8 కోసం ఇచ్చిన 64 బిట్ డ్రైవర్ ఉంటే ఆశ ఉంది. సెటప్ ఫైల్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ వాడి ఎక్కించి చూడండి. కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటిగ్రిటీ కొన్ని పాత డ్రైవర్లను అడ్డుకుంటుంది. ఆపితే నడుస్తుందేమో గానీ, అది భద్రత కోసం పెట్టింది. జనం పత్రాలు ఉండే కంప్యూటర్‌లో దాన్ని ఆపమని మేం చెప్పం.

వ్యూస్కాన్ అనే డబ్బులు కట్టే సాఫ్ట్‌వేర్ తన సొంత డ్రైవర్లతో ఎన్నో పాత మోడళ్లను నడిపిస్తుంది. ముందు ఉచితంగా వేసి చూడొచ్చు. కొనేదాకా స్కాన్ మీద గుర్తు పడుతుంది. ఖర్చు వద్దంటే ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్) పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్ తెరిచి చూడండి, లినక్స్‌లోని సేన్ డ్రైవర్లు విండోస్ వదిలేసిన స్కానర్లను చాలావాటిని ఇంకా గుర్తుపడతాయి.

2024 చివర్లో విండోస్ 11 24హెచ్2 వెర్షన్ వచ్చినప్పుడు యూఎస్‌బీతో పెట్టిన కొన్ని స్కానర్లు నిజంగానే కనబడకుండా పోయాయి. మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని ఆ డిసెంబరు అప్‌డేట్‌లో సరిచేసింది. అప్‌డేట్లు ఆపేసుకుని కూర్చున్న కంప్యూటరైతే ముందు అవి పూర్తిచేయండి.

వైఫై స్కానర్ ఒక్కోరోజు కనవడ్తది, ఒక్కోరోజు కనవడది.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రౌటర్ స్కానర్‌కు కొత్త ఐపీ అడ్రసు ఇస్తుంటే, సాఫ్ట్‌వేర్ పాత అడ్రసు దగ్గరే వెతుకుతుంది. రౌటర్ సెట్టింగుల్లో ఆ మిషన్‌కు ఒకే అడ్రసు కేటాయించండి. ల్యాప్‌టాప్ ఫోన్ హాట్‌స్పాట్ మీద, మిషన్ రౌటర్ మీద ఉంటే రెండూ ఎప్పటికీ కలవవు. చాలా మిషన్లు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పడతాయి. విండోస్‌లో మీ వైఫై పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌గా మార్చండి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది. దీనికీ స్కానర్‌కూ సంబంధం ఉందా?

ఉంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో (లోపల కరెంటు సరఫరా చేసే డబ్బాలో) కరెంటు రొద వడగట్టే చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్తింగ్ లేకపోతే వాటి గుండా క్యాబినెట్ మీదకు సగం మెయిన్స్, అంటే దాదాపు 115 వోల్టులు, చాలా తక్కువ ఆంపియర్లతో చేరుతుంది. మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గు, ఎర్త్ తీగ లేని బోర్డు ఉన్న షాపుల్లో ఇదే తంతు. ఇంకో బోర్డు నుంచి నడిచే స్కానర్‌ను అలాంటి కంప్యూటర్‌కు పెట్టినప్పుడు ఆ తేడా అంతా యూఎస్‌బీ వైరు గుండా పారుతుంది. ఒక్కోసారి పోర్టు పోతుంది, ఒక్కోసారి స్కానర్ బోర్డే పోతుంది.

ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ గుంత చూపించండి. మా ఎర్ర, రాతి నేలల్లో ఎండాకాలం గుంత ఎండిపోయి ఎర్త్ పనిచేయడం మానేస్తుంది, నీళ్లు పోస్తుండాలి. ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య, ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య వోల్టేజీ ఇంచుమించు ఒకటే రావాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులకు మించి ఉంటే అనుమానించాలి. కొలతలు ఎలక్ట్రీషియనే తీయాలి. కంప్యూటర్, స్కానర్ రెండూ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. మృగశిర ముందు ఉరుములు మొదలైతే స్విచ్ కట్టడం చాలదు, ప్లగ్గులూ రౌటర్‌కు వచ్చే వైరూ పీకేయాలి.

దుమ్ము, చీమల వల్ల కూడా ఇట్ల అయితదా?

రైస్ మిల్లుల పక్కన, రోడ్డు మీదికి తెరుచుకున్న షాపుల్లో యూఎస్‌బీ సాకెట్‌లో పొడి పేరుకుని పిన్ను పూర్తిగా దిగదు. కరెంటు తీసేసి, పొడి మెత్తని బ్రష్‌తో దులపండి. ఊదకండి, ఉమ్మి తడికి పిన్నులు తుప్పు పడతాయి. చాలా స్కానర్లు ఆన్ చేయగానే లోపలి దీపం వెలిగి, కడ్డీ కొంచెం కదులుతుంది. కొర్రుమని చప్పుడు చేసి ఆగితే లోపల ఏదో అడ్డం ఉంది. యూఎస్‌బీ కరెంటుతోనే నడిచేవి కొన్ని మాత్రం కంప్యూటర్ పిలిచేదాకా కదలవు, కంగారు పడొద్దు. పాత ఫ్లాట్‌బెడ్ స్కానర్ల అడుగున రవాణా కోసం తాళం గుర్తుతో ఒక స్విచ్ ఉంటుంది. షాపు మార్చినప్పుడు వేసి, తీయడం మరిచిపోతారు.

వేలిముద్ర స్కానర్ కూడా కనవడ్తలేదు. ఇవే పద్ధతులా?

వైరు, పోర్టు, డ్రైవర్ వరకు ఇవే. ఆ పైన ఆర్‌డీ సర్వీస్ అనేది వేరే ఉంటుంది, వేలిముద్రను ఆధార్ పనులకు వెబ్‌సైట్‌కు అందించే సాఫ్ట్‌వేర్ అది. అది కంప్యూటర్‌లోనే 11100 నుంచి 11120 వరకు ఉన్న నెట్‌వర్క్ పోర్టు నంబర్లలో (యూఎస్‌బీ పోర్టులు కావివి) ఏదో ఒకదానిలో కూర్చుని వెబ్‌సైట్‌కు జవాబిస్తుంది. డివైస్ మేనేజర్‌లో యంత్రం బాగానే ఉండి సైట్ మాత్రం డివైస్ నాట్ ఫౌండ్ అంటే, సర్వీసెస్‌లో ఆర్‌డీ సర్వీస్ నడుస్తోందో, దాని గడువు ఉందో, యాంటీవైరస్ అడ్డుకుంటోందో చూడండి. కంప్యూటర్ తేదీ, సమయం తప్పుగా ఉన్నా ఇది పనిచేయదు. మదర్‌బోర్డు సెల్ అయిపోయిన పాత కంప్యూటర్లలో తేదీ వెనక్కి పోతుంటుంది.

మెకానిక్ దగ్గరికి ఎప్పుడు తీస్కపోవాలె?

రెండు వైర్లు, రెండు కంప్యూటర్లు మార్చినా చప్పుడు రానప్పుడు, లేదా కోడ్ 43 పోనప్పుడు. ఒట్టి స్కానర్ పట్టుకుపోతే సగం పరీక్షే అవుతుంది. దాని అడాప్టర్, వైరు కూడా తీసుకెళ్లండి. రాసి పెట్టుకున్న కోడ్ నంబరు, ఏ కంప్యూటర్‌లో ఏమైందో చెప్పండి. బోర్డు మార్చాలంటే ముందు ధర అడగండి. మామూలు ఫ్లాట్‌బెడ్‌కు బోర్డు ఖర్చు కొత్త స్కానర్ ధరకు దగ్గరగా వస్తే కొత్తదే నయం. పేపర్లు తనంతట తానే లాక్కునే పెద్ద స్కానర్లకైతే రిపేరే లాభం. బండి మీద తీసుకెళ్లేటప్పుడు అడుగున తాళం ఉంటే వేయండి, గాజు పైకి ఉండేలా బల్లపరుపుగా పట్టుకోండి. మూత ఎత్తి లోపల ఎవరి ఒరిజినల్ మెమో అయినా ఉండిపోయిందేమో చూసుకోండి.